మార్చుటకు ముందు వాయింపుడు

కొరియరు బండి తెనాలికైనను, బాపట్లకైనను, రైలు దారి అంతమగు రేపల్లెకైనను నేడు ఒక పొడవైన అట్టపెట్టెను తెచ్చి ఇంటి గుమ్మములో దింపగలదు. దానిని విప్పినచో రంగు వేయని కొయ్య దేహము, మెట్లు దిగగొట్టిన మెడ, ఆరు బిరడలు, తీగలను మోయు లోహపు బ్రిడ్జి, రెండో మూడో పికప్పులు, శబ్దమును హెచ్చించి తగ్గించు గుండీలు, ఒక పొట్లములో మరలు కనబడును. దీనినే ఎలక్ట్రిక్ గిటారు కిట్టు అందురు. ఈ భాగములను ఒకచోట బిగించినంతనే గిటారు సిద్ధమగునని పెట్టె మీది బొమ్మను చూచినవారికి తోచును. కాని బిగించుట ఒక్క దినములో ముగియు పని. దానిని శ్రుతిలో నిలుచు వాద్యముగా తీర్చుట అంతకు ఎన్నో రెట్లు ఓర్పును కోరు పని. ఈ రెంటి నడుమ నున్న దూరమును నడచునప్పుడే మనుష్యుని చేతికిని చెవికిని నిజమైన శిక్షణ లభించును.

ఈ అధ్యాయములో నేను చెప్పదలచినది ప్రధానముగా ఒక్కటే. కిట్టు చేతికి వచ్చిన నాడే యువకుని మనస్సు మార్పుల మీదికి పరుగెత్తును: ఈ పికప్పులు తీసి ఖరీదైనవి పెట్టవలెననియు, బిరడలు బంగారు వన్నెవి కావలెననియు, దేహముపై అగ్నిజ్వాలల బొమ్మ ఉండవలెననియు, తీగ బిగింపని వాద్యమును గూర్చి అతడు కలలు కనును. ఆ వేగమును నిలుపుకొనుడు. వచ్చినదానిని వచ్చినట్లుగా, ఐనను లోపము లేకుండ కూర్చి, కొన్ని మాసములు వాయించి, చేయి ఎక్కడ నొచ్చుచున్నదో చెవి ఎక్కడ ఒప్పుకొనకున్నదో గుర్తించి, ఆ పిదపనే, ఒక పర్యాయమునకు ఒక్కటి చొప్పున మార్చుడు. వాడుకలో పుట్టిన అవసరమే మార్పునకు యోగ్యత నిచ్చునని నా దృఢ విశ్వాసము.

ఇందుకు సాక్ష్యము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకములలో స్త్రీ పాత్రలకు ప్రాణము పోసి, 1956లో పద్మశ్రీ పురస్కారమును పొందిన స్థానం నరసింహారావుగారు, శ్రీకృష్ణ తులాభార నాటకములో సత్యభామ పాత్రకు తామే ఒక పాట వ్రాసికొని పాడిరి. ఆ పాత్రను ధరించి, దాని అతిశయమును అభిమానమును లోపలినుండి ఎరిగిన నటునికే అచ్చట ఒక పాట కావలెనని తెలియును. ఆ పాట ఎట్లుండవలెనో కూడ అతనికే తోచును. ప్రేక్షకులు తరతరములుగా దానిని పాత్రనుండి వేరు చేసి చూడలేకపోవుటకు కారణ మిదియే.

మన ప్రస్తుత విషయమునకు ఇంకను సన్నిహితుడు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో క్లారినెట్ విద్వాంసుడైన సత్యనారాయణగారికి కుమారుడై జన్మించి, రుద్రరాజు సుబ్బరాజుగారి వద్ద కర్ణాటక సంగీతము నభ్యసించి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరి చేసిన ఆ బాలుడు ఎన్నుకొన్న వాద్యము పాశ్చాత్యులది. సాధారణమైన మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. జత తీగలను మెట్టుపై ఒక్కటిగా లాగి గమకమును పలికించుట దుర్ఘటము. పైగా ఆ వాద్యమున నాదము మీటిన వెంటనే క్షీణించును గాని రాగాలాపనకు కావలసినంత సేపు నిలువదు. అందువలన ఆయన జతలను విడిచి ఒంటి తీగలను కట్టి, మంద్రస్థాయి కొరకు ఐదవ తీగను చేర్చి, గట్టి దేహముగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తన సంగీతమునకు అనుగుణముగా తీర్చుకొనిరి. ఆ మార్పులలో ప్రతిదానికిని ఒక రాగము, ఒక గమకము కారణమై నిలిచినది. అనంతరము గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందములో ప్రపంచమంతట వాయించినదియు అట్టి వాద్యముపైననే. 1998లో పద్మశ్రీని అందుకొని, 2014లో తన నలువది ఐదవ యేట ఆయన కన్నుమూసిరి. తమ వాద్యమును తామే కూర్చుకొనదలచిన తెలుగు యువకులు ముందుగా ఆయన చేసిన పనిని తలచుకొనవలెను.

పనిలోనికి దిగుటకు పూర్వము ఈ యంత్రము ఎట్లు మాటాడునో తెలిసికొనుట మేలు. వీణకు కుండ కలదు, సాధారణ గిటారుకు బోలుపెట్టె కలదు. తీగ కంపమును ఆ బోలు పెద్దది చేసి చెవికి చేర్చును. ఎలక్ట్రిక్ గిటారు దేహము గట్టి పలక. తీగ క్రింద నున్న పికప్పు అనగా అయస్కాంతముల చుట్టు వెండ్రుకకంటె సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన ఒక తీగచుట్ట. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రము ననుసరించి ఆ చలనమువలన చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. ఇందునుండి ఆచరణకు పనికివచ్చు ఒక విషయము తేలుచున్నది: అయస్కాంతము ఆకర్షింపని తీగను ఈ పికప్పు వినలేదు. వీణ మంద్రమునకు కట్టు ఇత్తడి తీగ గాని, నైలాన్ తీగ గాని దీనిపై మూగవోవును. సాధారణ గిటారుకు అమ్ము కంచు చుట్టిన తీగలు బలహీనముగా పలుకును. నికెలు చుట్టిన ఉక్కు తీగలనే అడిగి కొనుడు.

కిట్టులు సాధ్యమగుటకు కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ కారకుడని చెప్పవచ్చును. మెడను దేహమునకు జిగురుతో అతికించు పూర్వ సంప్రదాయమును విడిచి నాలుగు మరలతో బిగించు పద్ధతిని ఆయన 1950 ప్రాంతమున టెలికాస్టర్ నమూనాలోను, 1954లో స్ట్రాటోకాస్టర్ నమూనాలోను వాడుకలోనికి తెచ్చెను. గిబ్సన్ సంస్థ 1952లో వెలువరించిన లెస్ పాల్ నమూనాలో మెడ అతికించియే యుండును. మొదటిసారి చేయువారు మరల మెడగల కిట్టునే ఎన్నుకొనుట శ్రేయస్కరము. పొరపాటు జరిగిన యెడల విప్పి సరిచేసికొను అవకాశము దానికే కలదు.

పెట్టె తెరచిన పిదప రంగుడబ్బా వైపు చూడక, కొలబద్దను చేతికి తీసికొనుడు. మెడను దేహములోని గాడిలో నుంచి, బ్రిడ్జిని దాని స్థానములో నిలిపి, ఒక సన్నని నూలు దారమును, మెడ కొనయందు తీగలను గాళ్ళలో నిలుపు చిన్న బద్దయగు నట్టు యొక్క మధ్యబిందువు నుండి బ్రిడ్జి మధ్యబిందువు వరకు బిగువుగా పట్టి చూడుడు. దారము మెడ నడుమనే పోవలెను. పికప్పు గాళ్ళ నడుమనే పోవలెను. పిదప రెండంచుల తీగల స్థానములలో దారములు పట్టి, అవి మెడ అంచులనుండి సమానమైన ఎడములో నున్నవో లేవో పరికింపుడు. ఒక ప్రక్కకు ఒరిగిన మెడ తీగను మెట్టు అంచునుండి జార్చును. ఎంత ఖరీదైన పికప్పును ఆ దోషమును మాన్పలేదు. గాడి వదులుగా నున్నచో పలుచని కొయ్య పొరను అంటించి సరిచేయవచ్చును. బిగువుగా నున్నచో గాడి గోడను సన్నని శాండుపేపరుతో తాకీ తాకనట్లు గీకి, మాటిమాటికి మెడను పెట్టి చూడవలెను.

తరువాతి కొలత ఇంతకంటె ముఖ్యము. నట్టు నుండి పండ్రెండవ మెట్టు వరకు గల దూరమును కొలిచి రెట్టింపు చేసినచో వాద్యము యొక్క స్వరమానము వచ్చును. ఫెండర్ నమూనాలలో అది 648 మిల్లీమీటర్లు, అనగా పండ్రెండవ మెట్టు 324 వద్ద నుండవలెను. లెస్ పాల్ నమూనాలలో సుమారు 628. ప్రతి మెట్టును తన ముందు మిగిలిన తీగ పొడవులో 17.817వ వంతు దూరమున నాటుదురు. కావున 648లో మొదటి మెట్టు నట్టునుండి 36.4 మిల్లీమీటర్ల వద్ద పడును, ఆ పై మెట్లు క్రమముగా దగ్గరగును. సన్నని తీగకు సంబంధించిన బ్రిడ్జి పీఠము ఈ పూర్తి స్వరమానము వద్దను, లావు తీగ పీఠము అంతకు కొన్ని మిల్లీమీటర్లు వెనుకను నిలుచుటకు చోటున్నదో లేదో రంధ్రములు వేయకముందే సరిచూడుడు. కొన్ని కిట్టులలో బ్రిడ్జి రంధ్రములు ముందే తొలిచి యుండును. అవి తప్పుచోట నున్నచో పెట్టెను తిరిగి పంపుట ఉత్తమము. మెడ పొట్టిదైనదని దేహమును కోయువారు, రంధ్రములను పూడ్చి మరల తొలుచువారు కలరు గాని, తొలి వాద్యమునకు అంత శ్రమ తగదు.

మెట్లను గూర్చి ఇచ్చట కొంత నిలిచి మాటాడవలసి యున్నది. పనస మ్రానులో బొబ్బిలి సమీపమున గొల్లపల్లివారు తొలిచిన వీణకైనను ఇరువది నాలుగు మెట్లను మైనముపై నిలిపి, విద్వాంసుడో అనుభవజ్ఞుడైన పనివాడో ఒక్కొక్కదానిని చెవితో సరిచూచి మేళము కట్టును. వేసవి వేడికి మైనము మెత్తబడి మెట్టు కదలినచో మరల కట్టుకొనవచ్చును. గిటారు మెట్టుకు ఆ వెసులుబాటు లేదు. అది కొయ్యను కోసి గాడిలో దిగగొట్టిన లోహపు కడ్డీ. ఎత్తు పల్లములు మాత్రము మన చేతిలో నుండును. మూడు మెట్లపై ఆనునంత పొట్టి ఉక్కు బద్దను నిలిపి, అటునిటు ఊగుచున్నచో నడిమి మెట్టు ఎత్తుగా నున్నదని తెలిసికొనుడు. ఆ మెట్టు పూర్తిగా కూర్చొనక పైకి లేచియున్నచో చిన్న సుత్తితో తట్టుడు. కూర్చొనియు ఎత్తుగా నున్నచో మాత్రమే సన్నని ఆకురాయిని వాడుడు. మెట్ల కొనలు వ్రేళ్ళను గీరుచున్నచో వాటిని వాలుగా అరగదీయుడు. మే మాసపు ఎండలలోను, ఏసీ గదులలోను మెడ కొయ్య అడ్డముగా ముడుచుకొని, మెట్ల కొనలు వెలికి పొడుచుకొనివచ్చుట సహజము. ఈ పని మొదటి వేసవి గడచిన పిమ్మట మరియొకసారి అవసరము కావచ్చును.

ఇక కొయ్య, రంగు. మన మూడు ఊళ్ళును కృష్ణా డెల్టాలోనివి. కాలువల తడి, వరిచేల తేమ, సముద్రపు గాలి సంవత్సరములో చాల భాగము ఇండ్లలో నిండియుండును. సూర్యలంక తీరము చెంతనున్న బాపట్లలో గాలిలోని ఉప్పు తీగలను, మరలను కూడ తుప్పు పట్టించును. ఆ కారణమున ఇతర ప్రాంతములవారు వ్రాసిన రంగు కాలపట్టికలను యథాతథముగా పాటించుట మనకు చెల్లదు. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ గాని, నైట్రోసెల్యులోజ్ లక్కర్ గాని తేమగాలిలో వేసినచో పైపొర ఆరుచున్నపుడు నీటి ఆవిరి దానిలో చిక్కుకొని పాలమీగడవంటి తెల్లని మసక కమ్ముకొనును. వానలు కురియు ఆషాఢమునుండి తుపానులు వచ్చు కార్తీకము వరకు ఈ పనిని మానుకొని, సంక్రాంతి దాటిన పిదప, పొడి పగటివేళ, మంచు విడిచిన తరువాత ఆరంభించుట ఉత్తమము. అట్లు వేచియుండలేని తొందర ఉన్నచో, ఆ మాసములలో దేహమును గరుకు తీసి సిద్ధపరచుకొనుడు. ఆ పని ఎంత చేసినను ఎక్కువ కాదు.

గరుకు తీయునపుడు 120 నంబరు శాండుపేపరుతో మొదలిడి 180, 240, 320 వరకు మెట్టు మెట్టుగా, ఎల్లప్పుడును కొయ్య నార వెంబడి నడువుడు. నడుమ ఒకసారి తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చినచో లేచిన నూగు కనబడును. దానిని తొలగించి ముందునకు పొండు. రంగు గీతలను దాచునని పలువురు తలతురు. నిజమునకు అది వాటిని ప్రకటించును, నల్లరంగు మరియు అధికముగా ప్రకటించును. మెడ కూర్చుండు గాడిలో రంగు పడకుండ కాగితపు టేపు నంటించుట మరువరాదు. అచ్చటి రంగు పొర మెడను పైకెత్తి మీరు పొడిగా సరిచూచుకొన్న కొలతలన్నిటిని వ్యర్థము చేయును.

తొలి ప్రయత్నమునకు నూనె పూతను నేను ఎక్కువగా ఇష్టపడుదును. గుడ్డతో రుద్ది, అర గంట యూరకుంచి, మిగిలినదానిని తుడిచివేసి, పూర్తిగా ఆరిన పిదప మరల రుద్దుచు పోయినచో కొయ్య అందము నిలుచును. చెక్కు పడినచోట మరల కొంచెము రుద్దినను అతుకు కనబడదు. అవిసె నూనె వాడువారికి ఒక హెచ్చరిక: నూనె పీల్చిన గుడ్డలను ముద్దచేసి మూల పడవేసినచో అవి వాటంతట అవియే వేడెక్కి మండగలవు. వాడిన గుడ్డను విప్పి ఆరుబయట పరచి పూర్తిగా ఎండనిచ్చి గాని పారవేయరాదు. ఇంటిలో పిల్లలున్నను లేకున్నను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

విద్యుత్తు పని చూచుటకు భయము గొల్పును గాని, దీనిలో కొద్దిపాటి అతుకులే కలవు. 30 లేక 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రెజిన్ గర్భముగల సన్నని సోల్డరు, ఒక చిన్న శ్రావణము చాలును. వేడిని అతుకవలసిన లోహమునకు ఇండు. లోహము వేడెక్కినపుడు సోల్డరు తానే కరిగి పారి మెరయును. కొనకు సోల్డరును కరిగించి చల్లని లోహముపై బొట్టుగా విడిచినచో అది పైకి అతికినట్లుండి లోపల పట్టు లేక, కొన్నాళ్ళకు వాద్యము మధ్యలో మూగవోవును. సీసము కలిసిన సోల్డరైనచో పొగ పీల్చకుండ కిటికీ తెరచి, పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఒంటి చుట్ట పికప్పులకు 250 కిలో ఓముల నియంత్రకములు, జంట చుట్టల హంబక్కర్లకు 500 కిలో ఓములవి వాడుట ఆచారము. తారుమారైనచో వాద్యము పాడుగాదు, నాదము మందమగును లేక కటువగును, అంతియే. ఒంటి చుట్ట పికప్పు మన ఇండ్లలోని 50 హెర్ట్జుల విద్యుత్తు రొదను కూడ పట్టును. గాళ్ళలోపల రాగి రేకు నంటించి దానిని భూమితీగకు కలిపినచో ఆ రొద తగ్గును. బ్రిడ్జికి వచ్చు భూమితీగను కలుపుట మరచినచో తీగలపై చేయి వేసినను గురగుర ఆగదు.

ఈ భూమితీగను బట్టియే మీ ప్రాణమునకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలసి యున్నది. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా, బ్రిడ్జి వైరు ద్వారా యాంప్లిఫయరు లోహపు చట్రముతో కలిసియుండును. పాత ఇండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గు ఉన్నను గోడ వెనుక ఎర్తింగు లేకపోవుట సాధారణము. యాంప్లిఫయరులో లోపము పుట్టిననాడు ఆ విద్యుత్తు మీ చేతిలోని తీగలకు చేరగలదు. పందిరిలోను, ఉత్సవ వేదికలపైనను తడి నేలపై నిలిచి ఒక చేత గిటారును వేరొక చేత మైకును పట్టువారికి ఈ అపాయము రెట్టింపగును. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగును పరీక్ష చేయించిన పిదపనే యాంప్లిఫయరును తగిలింపుడు. కిట్టుపై పెట్టు ఖర్చులన్నిటికంటె ముందుగా పెట్టవలసిన ఖర్చు ఇది.

తీగలు కట్టి శ్రుతి చేసిన తరువాత సవరణల క్రమము వచ్చును. ఈ క్రమమును తప్పరాదు. ఏలనగా ప్రతి సవరణయు తన ముందుదానిపై ఆధారపడియున్నది. మొదట మెడ వంపు: మొదటి మెట్టునందును చివరి మెట్టునందును తీగను నొక్కి, ఏడవ మెట్టు ప్రాంతమున తీగకును మెట్టుకును నడుమ ఎడము చూడుడు. సుమారు పావు మిల్లీమీటరు ఉండవలెను. ఎక్కువైనచో మెడలోపలి ట్రస్ రాడ్‌ను గడియారపు ముల్లు తిరుగు దిక్కున పావు చుట్టు త్రిప్పి, మరల శ్రుతి చేసి, కొన్ని గంటలు కొయ్యను తన స్థితికి రానిచ్చి కొలువుడు. ఒకేసారి గట్టిగా త్రిప్పినవారు కడ్డీని విరిచికొనిన సందర్భములు తక్కువేమియు కావు. ఋతువు మారినపుడెల్ల మెడ వంపును మారును. వానకాలమునకు ఒకసారి, ఎండకాలమునకు ఒకసారి దీనిని చూచుకొనుట మన ప్రాంతములో నిత్యవిధి వంటిది.

వంపు సరియైన పిదప తీగ ఎత్తు: పండ్రెండవ మెట్టు వద్ద సన్నని తీగ ఒకటిన్నర మిల్లీమీటరును, లావు తీగ రెండు మిల్లీమీటర్లును ఉన్నచో చాలమందికి అనుకూలము. ఎత్తు కుదిరిన పిమ్మటనే స్వరశుద్ధి. పండ్రెండవ మెట్టుపై తీగను వ్రేలితో తాకీ తాకనట్లుంచి మీటి, ఆ మెట్టునే నొక్కి మరల మీటి, రెండును ఒకే స్వరముగా ఉన్నవో లేవో ట్యూనరుతో పోల్చుడు. నొక్కినది హెచ్చుగా నున్నచో పీఠమును మెడనుండి దూరముగా జరుపుడు. తగ్గుగా నున్నచో దగ్గరకు తెండు. ఒక్కొక్క తీగకు ఈ పరీక్ష నాలుగైదు పర్యాయములు కావలసి వచ్చినను విసుగు చెందకుడు. పలువురు కిట్టు గిటార్లను నాసిరకమని తీసిపారవేయుటకు కారణము ఈ ఒక్క పని చేయకపోవుటయే యని నేను గట్టిగా చెప్పగలను.

ఇపుడు వాయింపుడు. ఒక నోటుపుస్తకమును ప్రక్కన నుంచుకొని, ఏ మెట్టు వద్ద తీగ బుస కొట్టుచున్నది, ఏ తీగ శ్రుతి జారుచున్నది, ఏ పికప్పు మరీ మందముగా పలుకుచున్నది, అర గంట గడచినపుడు భుజము నొచ్చుచున్నదా లేదా, ఇవి అన్నియు తేదీ వేసి వ్రాసికొనుడు. ఒక్కనాడు తోచిన ఫిర్యాదు మరునాటికి మాసిపోవచ్చును. మూడు మాసములు వరుసగా కనబడిన ఫిర్యాదుకు మాత్రమే ధనమును శ్రమను వెచ్చింపుడు. ఒకేసారి తీగలు, పికప్పులు, కెపాసిటరు మూడింటిని మార్చినవాడు వచ్చిన మేలు దేనివలన వచ్చినదో ఎన్నటికిని ఎరుగడు.

తెలుగు పాట, కర్ణాటక కృతి వాయింపదలచినవారి ఫిర్యాదులు వేరుగా నుండును. వీణ మెట్టు ఎత్తైనది గనుక తీగను ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై పలు స్వరములు పలికింపవచ్చును. గిటారుపై అంత లాగుడుకు తీగ బిగువు ఒప్పుకొనదు. దీనికి మొదటి ఉపాయము చౌకైనది: 0.010 అంగుళముల తీగకు బదులు 0.009 తీగలు కట్టుట, శ్రుతిని ఒక స్వరము దించి షడ్జమ పంచమముల వరుసలో సరిచేసికొనుట. అదియు చాలనివారు ఎత్తైన మెట్లు నాటించుకొందురు. మెట్ల నడుమ కొయ్యను దోనెలవలె తొలిపించుకొను పద్ధతియు కలదు. మెక్‌లాఫ్లిన్ తన శక్తి బృందపు గిటారునకు అట్లు చేయించుకొనెను. తొలిచిన కొయ్య మరల రాదు గనుక తేలికైన తీగలతో కొన్ని మాసములు సాధన చేయకుండ ఉలిని ముట్టరాదు.

దేహమును మార్చదలచినవారు మన ప్రాంతపు వడ్రంగుల నైపుణ్యమును తక్కువగా ఎంచరాదు. పాత ఇనుప సామానునుండి నిలువెత్తు విగ్రహములను నిర్మించు శిల్పులున్న తెనాలిలో, కొలత స్పష్టముగా ఇచ్చినచో 45 మిల్లీమీటర్ల మందపు పనస పలకను కోసి, మెడ గాడిని 16 మిల్లీమీటర్ల లోతున తొలిచి ఇచ్చు చేయి దొరకకపోదు. కొయ్య మాత్రము ఏండ్ల తరబడి ఆరినదై యుండవలెను. పచ్చి పనస డెల్టా తేమలో ఒక ఋతువులోనే మెలిక తిరుగును. తలభాగమును మీకు నచ్చిన ఆకారమున కోసికొనుట, పేరు చెక్కించుకొనుట, గుండీల రంగు మార్చుట మీ అభీష్టము. వాటివలన నాదమునకు హాని లేదు, మేలును లేదు.

నన్నడిగిన యెడల, ధనము వెచ్చించు మార్పులలో మొదట చేయవలసినది పికప్పు కాదు, నట్టు. చౌక కిట్టులలోని ప్లాస్టిక్ నట్టు గాళ్ళు ఇరుకై తీగను పట్టి ఉంచును. బిరడ త్రిప్పినపుడు తీగ కదలక, పిదప టక్కుమని జారి శ్రుతి తప్పును. గాళ్ళు ఎత్తుగా నున్నచో మొదటి మెట్టుపై నొక్కిన ప్రతి స్వరము హెచ్చుగా పలుకును. ఎముకతో చేసిన నట్టును తెప్పించి, ప్రతి తీగ మందమునకు తగిన సన్నని ఆకురాయితో గాడిని బిరడ వైపు కొద్దిగా వాలుగా తీయుడు. మూడవ మెట్టు వద్ద తీగను నొక్కినపుడు మొదటి మెట్టుకును తీగకును నడుమ పలుచని కాగితమంత ఎడము మిగిలినచో అచ్చట ఆపుడు. పికప్పుల సంగతి వచ్చు సంవత్సరము చూచుకొనవచ్చును.